పొద్దున బ్యాచ్ మానకుండా ఉండాలంటే రాత్రి భోజనం నుంచి మొదలుపెట్టండి

పొద్దున ఐదున్నరకు మొదలయ్యే కసరత్తు బ్యాచ్‌కి మొదటి వారం అందరూ వస్తారు. కొత్త బూట్లు, కొత్త వాటర్ బాటిల్, స్టేటస్‌లో ఫొటోలు. మూడో వారానికి వరసలు పలచబడతాయి. మానేసినవాళ్లను అడిగితే చాలామంది చెప్పేది ఒకటే, "నాకు విల్ పవర్ లేదండీ" అని. నేను ఆ మాట ఒప్పుకోను. రాత్రి పదిన్నరకు అన్నం తిని, పన్నెండు దాటాక పడుకున్న మనిషి తెల్లారి లేచి బర్పీలు (నేలమీదికి వాలి, లేచి గెంతే కసరత్తు) చేయలేకపోతే, తక్కువైంది నిద్ర. దాన్ని మనోబలంతో ఎన్ని రోజులు లాగగలరు?

ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అన్నీ చూసుకుంటూ పార్కులోనో, కాలనీ గ్రౌండ్‌లోనో, చిన్న ట్రైనింగ్ హాల్లోనో పదిమందితో కలిసి గట్టిగా కసరత్తు చేయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పరుగు, స్క్వాట్స్, పుష్ అప్స్, ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్లు తిన్నగా నిలపడం), కెటిల్ బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) కలిపి గంటసేపు సాగే బ్యాచ్‌లు మన ఊళ్లలో ఇప్పుడు చాలా ఉన్నాయి. చేరడం తేలికే. ఆరు నెలల తర్వాత కూడా వెళ్తూ ఉండాలంటే ఏం చేయాలో చూద్దాం.

1. చేరేముందు: దూరం, కోచ్, ఫీజు

ముందు దూరం చూడండి. ఇంటి నుంచి పది పదిహేను నిమిషాల్లో చేరలేని బ్యాచ్ ఎంత మంచిదైనా వద్దు. కూకట్‌పల్లిలో ఉంటూ గచ్చిబౌలిలో చేరితే వెళ్లేటప్పుడు రోడ్డు ఖాళీగానే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం స్కూల్ బస్సుల మధ్య ఇరుక్కుంటారు, ఆఫీసుకు లేటవుతుంది, ఇంట్లో చిరాకు మొదలవుతుంది. ఆ చిరాకే ఒకరోజు మిమ్మల్ని మాన్పిస్తుంది.

తర్వాత కోచ్. ఫీజు కట్టకముందే ఒక క్లాసు చేసి చూడండి, లేదంటే పక్కన నిలబడి గమనించండి. మోకాళ్లు, నడుము, బీపీ, షుగర్, ఆపరేషన్లు, కాన్పులు, వీటి గురించి అడిగాడా? ఒక కసరత్తు చేయలేనివాళ్లకు అందులోనే తేలిక పద్ధతి చూపిస్తున్నాడా? అన్నిటికన్నా ముఖ్యంగా, వరసలో అందరికన్నా వెనకపడ్డ మనిషితో ఎలా మాట్లాడుతున్నాడో చూడండి. మొదటి నెల ఆ చివరి మనిషి మీరే కావచ్చు. నలుగురిలో నవ్వులపాలు చేసే కోచ్ దగ్గర ఎవరూ ఎక్కువకాలం ఉండలేరు, ఉండక్కర్లేదు కూడా.

ఏడాది ఫీజు ఒకేసారి కడితే సగం ధర అన్న ఆఫర్లకు లొంగకండి. డబ్బు కట్టాం కదా అన్న భయం రెండు నెలలు కూడా లేపదు. నెలకో, మూడు నెలలకో కట్టండి.

నలభై దాటి చాలా ఏళ్లుగా కసరత్తు చేయనివాళ్లు, బీపీ, షుగర్, గుండె సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్‌కి చెప్పే చేరాలి. ఇందులో మొహమాటం వద్దు.

2. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య కంచం ముందు కూర్చోండి

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మెట్టు ఇదే, కష్టమైనది కూడా ఇదే. మన ఇళ్లలో రాత్రి భోజనం చాలా ఆలస్యం. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిది, టీతో పాటు ఏదో ఒక కారం, తర్వాత టీవీ, అందరూ కలిసి తినేసరికి పది. కడుపు నిండా అన్నం తిని వెంటనే పడుకుంటే కొందరికి ఛాతీలో మంట, కొందరికి సరిగా నిద్ర పట్టదు. పొద్దున అలారం మోగితే ఒళ్లు లేవదు.

కాబట్టి చేరిన రోజు నుంచి కాదు, చేరడానికి రెండు వారాల ముందు నుంచే రాత్రి భోజనాన్ని ముందుకు జరపండి. ఒక్కసారే పది నుంచి ఏడున్నరకు తేవాలంటే కుదరదు. రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున జరుపుకుంటూ రండి. ఇంట్లో అందరూ కలిసి తినే అలవాటు ఉంటే ఇది మీ ఒక్కరి నిర్ణయం కాదు. వంట చేసేవాళ్లతో కూర్చుని మాట్లాడండి. "నాకు తొందరగా పెట్టేయ్" అని ఆర్డర్ వేయడం కాకుండా, కూరగాయలు తరగడం, కుక్కర్ పెట్టడం మీరు అందుకుంటే ఆ సమయం దానంతటదే ముందుకొస్తుంది. మగవాళ్లకు ఇది మరీ గట్టిగా చెప్తున్నాను. మీ ఫిట్‌నెస్ కోసం ఇంట్లో ఆడవాళ్లు రెండోసారి స్టవ్ వెలిగించే పరిస్థితి రాకూడదు.

ఆఫీసు నుంచి రావడమే తొమ్మిదైతే? సాయంత్రం ఆరింటికి ఆఫీసులోనే కొంచెం గట్టిగా తినండి. ఉడికించిన సెనగలు, రెండు గుడ్లు, ఒక పండు, ఏదైనా సరే. ఇంటికొచ్చాక మజ్జిగ అన్నమో, కూరతో ఒక చపాతీనో తింటే సరిపోతుంది.

అమెరికా కాల్స్ వల్ల రాత్రి పదకొండు దాకా పనిచేసేవాళ్లు ఐదున్నర బ్యాచ్‌లో చేరనే వద్దు. సాయంత్రం బ్యాచ్ చూసుకోండి, లేదా ఎనిమిదింటికి మొదలయ్యేది వెతుక్కోండి. ఏడు గంటల నిద్ర పోని శరీరం మీద గట్టి కసరత్తు పెడితే ఆకలి పెరుగుతుంది, కోపం పెరుగుతుంది, దెబ్బలు తగులుతాయి.

పడుకునే ముందు బట్టలు, బూట్లు, బండి తాళం, నీళ్ల సీసా ఒకచోట పెట్టుకోండి. ఫోన్ మంచానికి దూరంగా, లేచి నడిస్తే తప్ప అలారం ఆగనంత దూరంలో ఛార్జింగ్ పెట్టండి.

3. మొదటి మూడు వారాలు మీకు చేతనైనదానిలో సగమే చేయండి

బ్యాచ్‌లో పెద్ద బలం, పెద్ద ప్రమాదం రెండూ ఒకటే, పక్కవాళ్లు. పక్కనున్నాయన యాభై స్క్వాట్స్ చేస్తుంటే మనం ఇరవైకి ఆగడానికి మనసొప్పదు. ఆ పంతంతో మొదటి రోజే నూట యాభై చేస్తే మర్నాడు బాత్రూంలో కూర్చోలేరు, మెట్లు దిగలేరు. అలవాటు లేని కసరత్తు తర్వాత కండరాల నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. ఇది మామూలే. కానీ నొప్పి విపరీతంగా ఉండి, కండరాలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే అది మామూలు విషయం కాదు. కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద భారం పడే స్థితి అది. రాబ్డోమయోలిసిస్ అంటారు. అలవాటు లేనివాళ్లు మొదటి క్లాసుల్లో మితిమీరి చేసినప్పుడు వస్తుంది, ఎండలో చేస్తే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు ఇంటి చిట్కాలు పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సగం అంటే ఎంత? పది మార్కుల కొలత పెట్టుకోండి. సున్నా అంటే కూర్చుని ఉండటం, పది అంటే ఇక ఒక్కటి కూడా చేయలేని స్థితి. మొదటి మూడు వారాలు ఐదు, ఆరు దాటొద్దు. కసరత్తు మధ్యలో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మధ్యస్థంగా చేస్తున్నట్టు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టిగా చేస్తున్నట్టు. ఈ వారాల్లో కోచ్ "ఇంకా, ఇంకా" అని అరిచినా నవ్వుతూ, "సార్, ఈ నెల ఇంతే" అని చెప్పండి. మంచి కోచ్ అర్థం చేసుకుంటాడు.

వారానికి మూడు రోజులతో మొదలుపెట్టండి, అదీ రోజు మార్చి రోజు. మిగతా రోజులు నడక. ఆరు రోజులూ వెళ్లాలని మొదలుపెట్టినవాళ్ల కన్నా మూడు రోజులు వెళ్లినవాళ్లే వచ్చే ఏడాది కూడా కనిపిస్తారని నా గట్టి నమ్మకం.

4. బ్యాచ్‌లో ఒక జతను వెతుక్కోండి

1920ల్లో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లోని పడవ పందెగాళ్లను బరువులు ఎత్తించి చూశాడు. ఒంటరిగా ఎత్తినప్పటి కన్నా, తన కన్నా కొంచెం బలవంతుడితో జతగా ఎత్తినప్పుడు బలహీనుడు ఎక్కువసేపు నిలబడ్డాడు. తనవల్ల జత పడిపోకూడదన్న పట్టుదల అది. అయితే ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైతే ఆ ఫలితం తగ్గింది. ఇప్పటికీ దీన్ని కోలర్ ఎఫెక్ట్ అనే పిలుస్తున్నారు.

మన బ్యాచ్‌లో దీన్ని ఇలా వాడుకోవచ్చు. అందరికన్నా ముందుండే కుర్రాడితో పోల్చుకోకండి. మీకన్నా ఒకటి రెండు నెలలు ముందు చేరిన, మీ వయసుకు దగ్గరగా ఉన్న మనిషిని చూసుకోండి. "అక్కా, మీరు వచ్చే రోజులే నేనూ వస్తాను, దారిలో పిలవండి" అని అడిగేయండి. గేటు దగ్గర ఒకరు మనకోసం నిలబడి ఉన్నారని తెలిస్తే దుప్పటి తీయడం తేలిక. యాభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో "గుడ్ మార్నింగ్ టీమ్" మెసేజ్ ఈ పని చేయదు. రాత్రి తొమ్మిదింటికి ఆ ఒక్కరికి "రేపు వస్తున్నా" అని పెట్టండి చాలు. రాలేకపోతే అదీ రాత్రే చెప్పండి.

ఒక జాగ్రత్త. కొన్ని బ్యాచ్‌లలో క్లాసు అవ్వగానే గుంపుగా టిఫిన్ బండి దగ్గరికి వెళ్లే ఆనవాయితీ ఉంటుంది. ఆ కబుర్లే చాలామందిని బ్యాచ్‌లో నిలబెడతాయి, కాబట్టి దాన్ని పూర్తిగా మానమని నేను చెప్పను. ఆదివారానికి పెట్టుకోండి. మిగతా రోజులు టీ ఒక్కటి తాగి కబుర్లు చెప్పుకుని వచ్చేయండి.

5. తిండి: అదే గిన్నె, వేరే కొలతలు

మీ ఒక్కరికే వేరుగా వండే డైట్ వారం దాటదు. ఓట్స్, క్వినోవా, అవకాడో జోలికి వెళ్లకుండానే మన వంటలోనే అంతా ఉంది. మార్చాల్సింది కంచంలో పాళ్లు మాత్రమే.

మన కంచంలో అన్నం కొండలా, కూర ఓ మూలన, పప్పు తడి కోసం అన్నట్టు ఉంటుంది. దాన్ని తిరగేయండి. సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు. పావు కంచం పప్పు, గుడ్డు, చేప, చికెన్‌లలో ఏదో ఒకటి. మిగిలిన పావు అన్నం లేదా రొట్టె. ముందు కూర, పప్పు కొంత తిని ఆ తర్వాత అన్నం కలుపుకోండి. రెండోసారి అన్నం పెట్టుకోవాలన్న కోరిక దానంతటదే తగ్గుతుంది. చివర్లో పెరుగు ఎలాగూ ఉంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి వాళ్లు చెప్పిన కొలతల్లో కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, మాంసాహారం కలిపి 85 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనెలు, కొవ్వులు 27 గ్రాములు. ఇందులో ధాన్యం, పప్పు వండకముందు తూకమే.

ఈ నూనె లెక్క ఇంట్లో పట్టుకోవడం చాలా తేలిక. రోజుకు 27 గ్రాములంటే నెలకు మనిషికి లీటరు కన్నా తక్కువే, నెయ్యితో కలిపి. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో లెక్కపెట్టండి. ఆరు, ఏడు అవుతుంటే పొద్దున చేసిన కసరత్తు ఎక్కడికి పోతోందో తెలిసిపోతుంది.

ఇక ప్రోటీన్. మామూలు మనిషికి శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు చాలని అదే సంస్థ చెప్తుంది. గట్టి కసరత్తు చేసేవాళ్లు 1.2 గ్రాముల దాకా తీసుకోవడం మంచిది. 65 కిలోల మనిషికి అది 78 గ్రాములు. ఇంత ఎక్కడి నుంచి వస్తుందని కంగారు పడి డబ్బాలు కొనేస్తారు. లెక్క వేసి చూడండి. రెండు గుడ్లలో 12 గ్రాములు. యాభై గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో మరో 12. నలభై గ్రాముల కందిపప్పులో 9 దాకా, గుప్పెడు వేరుశెనగల్లో 7, రెండు కప్పుల పెరుగులో 10 నుంచి 12, రోజంతా తినే అన్నం, రొట్టెల్లో ఇంకో 12. అక్కడికే అరవై దాటింది. ఆ రోజు నూట యాభై గ్రాముల చికెన్ లేదా చేప ఉంటే మరో ముప్పై కలుస్తుంది. శాకాహారులు గుడ్లు, చికెన్ బదులు ముప్పై గ్రాముల మీల్ మేకర్, రెండు గ్లాసుల పాలు చేర్చుకుంటే పాతిక దాకా వస్తుంది. కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దని ఆ మార్గదర్శకాలే చెప్తున్నాయి. కోచ్ తన దగ్గరే డబ్బా కొనమంటే మర్యాదగా వద్దనండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కలు పక్కనపెట్టి డాక్టర్ చెప్పినంతే తినాలి.

క్లాసుకు ముందు ఏం తినాలని చాలామంది అడుగుతారు. ఐదున్నరకైతే సగం అరటిపండో, రెండు ఖర్జూరాలో, ఒక గ్లాసు నీళ్లో చాలు. కొందరికి అదీ సరిపడదు, ఖాళీ కడుపుతో బాగానే చేస్తారు. షుగర్ మాత్రలు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో గట్టి కసరత్తు చేయకూడదు. క్లాసు తర్వాత గంటా రెండు గంటల్లో మామూలు టిఫిన్ తింటే చాలు. ఇడ్లీ తింటే పక్కన సాంబారు ఎక్కువ పోసుకుని గుడ్లు చేర్చండి. పెసరట్టులో ఉప్మా మానేయండి. ఉప్మా ఒక్కటే చేసుకునే రోజు అందులో బఠానీలు, క్యారెట్, బీన్స్ రవ్వతో సమానంగా వేయండి.

ఎండాకాలం, మార్చి చివరి నుంచి జూన్ దాకా, చెమటతో ఉప్పు కూడా పోతుంది. క్లాసు తర్వాత ఉప్పు వేసిన పలచని మజ్జిగ తాగండి. మే నెలలో ఏడు దాటాక ఎండలో పరుగులు పెట్టించే బ్యాచ్‌కి ఆ నెల సెలవు పెట్టినా తప్పులేదు.

6. తప్పిన రోజును ఏం చేయాలి

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం అలవాట్ల మీద చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికైతే 254 రోజులు పట్టేలా ఉందని లెక్క తేలింది. "ఇరవై ఒక్క రోజులు చేస్తే చాలు" అన్న మాట నమ్మి ఇరవై రెండో రోజు కూడా కష్టంగానే ఉందని నిరాశపడకండి. ఆ అధ్యయనంలోనే ఇంకో మంచి మాట ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం పెద్దగా దెబ్బతినలేదు.

కాబట్టి ఒకే నియమం పెట్టుకోండి. వరుసగా రెండు క్లాసులు తప్పకూడదు. సోమవారం పోయిందా, బుధవారం ఏమైనా సరే వెళ్లండి. వెళ్లి వార్మప్ మాత్రమే చేసి వచ్చేసినా అది హాజరే. తప్పిన క్లాసుకు బదులుగా రెట్టింపు చేయడం, రాత్రి పెళ్లి భోజనం చేసినందుకు మర్నాడు పస్తు ఉండటం, ఈ రెండూ వద్దు. తిండిని తప్పుగా, కసరత్తును శిక్షగా చూడటం మొదలైతే రెండిటి మీదా ఇష్టం పోతుంది.

ముందే తెలిసిన రోజులకు ముందే ఏర్పాటు చేసుకోండి. సంక్రాంతికి ఊరెళ్తే ఆ నాలుగు రోజులు పొలం గట్ల మీద నడక పెట్టుకుని, అరిసెలు పూటకు ఒకటే అనుకోండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం రోజులు గెంతే కసరత్తులు తగ్గించమని కోచ్‌కి ముందే చెప్పండి. కాళ్లకు చెప్పులుండవు, తిండి వేళలు మారతాయి. రంజాన్ ఉపవాసాల్లో ఉన్నవాళ్లు పగలు గట్టి క్లాసు మాని, ఇఫ్తార్ తర్వాత రెండు గంటలు ఆగి తేలికగా చేసుకోవచ్చు.

7. తూకం మిషన్ కాకుండా వేరేవి కొలవండి

మొదటి రెండు నెలలు బరువు పెద్దగా కదలకపోవచ్చు. రోజూ తూకం చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. చిన్న నోట్‌బుక్‌లో నెలకోసారి నాలుగు రాసుకోండి: ఆగకుండా ఎన్ని పుష్ అప్స్, ప్లాంక్ ఎంతసేపు, కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత. మనలాంటి ఆసియావాళ్లకు నడుము మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

8. ఉత్సాహం పోయినప్పుడు రక్తపరీక్ష చేయించండి

నిద్ర సరిపోతోంది, తిండి బాగుంది, బ్యాచ్ నచ్చింది, అయినా నెలలు గడిచినా ఓపిక రావడం లేదు, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలుతోంది. ఇలా ఉంటే దాన్ని బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంకాస్త ఎక్కువే. అంటే మీ బ్యాచ్‌లో వెనకబడుతున్న ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువై ఉండవచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి, బి12 పరీక్షలు చేయించుకుని డాక్టర్‌ని కలవండి. ఐరన్ మాత్రలు రాస్తే టీ, కాఫీలకు దూరంగా ఉన్న వేళల్లో వేసుకోవాలి, ఎందుకంటే అవి ఐరన్‌ను సరిగా ఒంటికి పట్టనివ్వవు. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే, అదీ గంట ఆగి తాగండి, తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి.

హిమోగ్లోబిన్ కోలుకునేదాకా బ్యాచ్ మానక్కర్లేదు, డాక్టర్ వద్దంటే తప్ప. కోచ్‌కి రిపోర్టు చూపించి, పరుగులు, గెంతులు తీసేసి బరువు తక్కువ కసరత్తులే ఇమ్మనండి. వారానికి రెండు రోజులు చాలు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని బట్టి మూడో రోజు కలుపుకోండి.